చుక్కలు చెప్పే పని

ఏటుకూరు రోడ్డులో మా గోడౌను షట్టర్లు
పట్టపగలు దించేశారు.
లోపల నేనొక్కదాన్నే.
వెనక తేజ టిక్కీలు వరసలుగా,
గొంతులో ఎప్పటి ఘాటే.

"రాయేలక్కా, కనపడుతున్నాయా?"
పైనుంచి నాగుల్ మీరా.

కనపడుతున్నాయి.
కరెంటు పోయిన రాత్రి డాబా మీద
వెల్లకిలా పడుకుంటే కనపడేటన్ని.
హుక్కు వదులైన చోటల్లా ఒక చుక్క.
తొడిమెలు తీసే కళ్ళు కదా,
చిన్నవి నాకు తప్పిపోవు.
అందుకే గుమాస్తా నన్ను నిలబెట్టాడు,
అరపూట కూలి అదనమని.

మూడో దూలం, తూర్పు వైపు.
టక్.
ఇంకా జానెడు అవతలికి.
టక్.
అక్కడే.
తారు వాచరు కూర్చుంటుంది, మర బిగుస్తుంది,
చుక్క ఆరిపోతుంది.

దసరాకి ఇంకా పది రోజులుంది.
నిజాంపట్నం రేవులో ఏ నెంబరూ ఎగరలేదింకా.
పొద్దున ఓనరు వచ్చి
రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టండి, చాలన్నాడు.
నాగుల్ మీరా బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని
"బస్తా పెడితే గాలి చేతికి రాయి ఇచ్చినట్టండీ.
అది మీదనుంచి తొక్కుద్దనుకుంటారు అందరూ.
తొక్కదు, లేపుద్ది.
పెనం మీద అట్టుని లేపినట్టు
ముందు అంచు దొరకబుచ్చుకుంటది.
అంచుల్లో ప్రతి గాడికీ హుక్కు పడాల.
నడిమధ్య కావాలంటే గాడి విడిచి గాడి."
ఓనరు వేళ్ళ మీద హుక్కులు లెక్కేసుకున్నాడు.
తర్వాత లోపలికి తొంగిచూసి
టిక్కీలు లెక్కేసుకున్నాడు.
సరేనన్నాడు.

వాళ్ళ నాన్న పేరున్న పెద్ద బోర్డు కూడా దించారు.
గోడకి ఆనించారు, తలకిందులుగా.

రెండు కప్పుల మధ్య గటర్లోంచి ఏవేవో కిందపడ్డాయి:
పావురాల ఈకలు, గుట్కా కవర్లు,
గాలిపటం పుల్ల, ఎడమకాలి చెప్పు.
కాసేపు ఏమీ పడలేదు.
"అక్కా, ఇక్కడ మిరప మొక్క మొలిచింది.
మూడు కాయలు."
నాటిందెవరు, నీళ్ళు పోసిందెవరు?
"వేరు గొట్టంలోకి మూరెడు దిగింది. పీకనా?"
నాదేదో అన్నట్టు అడిగాడు.
పీకమన్నాను.
మధ్యాహ్నం ఆ కాయలే అన్నంలో నంజుకున్నాం.
తేజ అన్నాడతను.
కాదు, పాత నాటు కాయ అన్నాన్నేను.
కళ్ళనీళ్ళు ఇద్దరికీ వచ్చాయి.

ఒకసారి ఎగిరిన రేకొకటి
తాడిచెట్టు మొదట్లో దిగబడటం చూశాడట.
ఎంత లాగినా రాలేదట.
ఇప్పటికీ అలాగే ఉందట, చెట్టు కాపు మానలేదట.

మళ్ళీ షట్టరు దించారు.
మళ్ళీ చీకటి, మళ్ళీ చుక్కలు, తక్కువే.
ఏడు. నాలుగు. రెండు.

ఒకటి మాత్రం చెప్పలేదు.
పదకొండేళ్ళుగా నాకు తెలిసింది,
రూపాయి బిళ్ళంత వెలుగు.
పొద్దున పడమటి గోడ మీదుంటుంది,
నా మోకాలు దాటాక మంచినీళ్ళు తాగుతాం,
కాటా గొలుసుని తాకితే అన్నాలకి లేస్తాం.
చలికాలంలో కాస్త ఉత్తరానికి జరిగేది,
ఆ లెక్కా మాకు తెలుసు.
గుమాస్తా గడియారం ఎప్పుడూ ఆలస్యమే.

"ఇంకేమన్నా ఉన్నాయా?"

పైన అడుగులు ఆగాయి.
ముందటేడు తడిసిన టిక్కీలు గుర్తొచ్చాయి.
కోస్తే లోపల బూజు, సగం తాలు.
నెల రోజులు ఏరాం ముక్కుకి గుడ్డ కట్టుకుని,
తడిసిన సరుక్కి సగం కూలి.
కెజియా దగ్గుతూ దగ్గుతూ మానేసింది,
ఆమె గోనె ఇంకా మూలనే ఉంది.

"ఉంది" అన్నాను.
"కాటాకి సూటిగా. నాలుగో దూలానికి బెత్తెడు ఇవతల."
టక్.
"ఇక్కడేనా?"
అక్కడే.

షట్టరు ఎత్తమని అరిచాను.
బయట ఎండ మామూలుగానే ఉంది,
ఒక్క మబ్బు లేదు.
రేపటినుంచి అన్నాలకి ఎప్పుడు లేవాలో
గుమాస్తాని అడగాలి.